బయానా సొమ్ము: నేతవారి చరిత్రలో నొక భాగము

మన మహాసభల సంచికలయందు మార్కండేయ మహర్షి మహిమయు, భావనాఋషి చరితమును ఏటేట ప్రకటింపబడుచునే యున్నవి. అవి మనకు పూజ్యములు. కాని మన పెద్దలు ఏ ధరకు నూలు కొనిరి, ఎవరియొద్ద సొమ్ము పుచ్చుకొనిరి, ఎవరికి గుడ్డ యిచ్చిరి అను లెక్కలను మాత్రము వ్రాయువారు కానరారు. చిల్లర లెక్కలు చరిత్రము కానేరవని కొందఱు తలంతురు. మా యభిప్రాయము వేఱు. ఒక నేతయింటి యజమానుడు బయానా పుచ్చుకొందమా మానుదమా యని తన యరుగుపై గూర్చుండి చేసికొనిన నిర్ణయము చిన్నదే. అట్టివి వేలకొలది చేరినపుడు రేవులు నిలిచినవి, పట్టణములు లేచినవి, శాసనములు పుట్టినవి. ఈ వ్యాసమున ఆ బయానా సొమ్మును గూర్చియే ముచ్చటింప దలచినాము.

మగ్గము విడిచి కొలువులలో జేరిన నేటి యువకులకొఱకు బయానా యననేమో కొంచెము చెప్పవలసి యున్నది. గుంటమగ్గముపై నొక పడుగు నెక్కించుటకు ముందు నూలు కొనవలెను, ఆసు పోయవలెను, వీథిలో పడుగును సాచి గంజి పెట్టవలెను, అచ్చు నతుకవలెను. ఇన్ని పనులును ముగిసి, గుడ్డ కోసి, కొనువానికి జూపువఱకు ఇంటిల్లిపాదియు భుజింపవలెను గదా. అంతకాలమునకు గావలసిన సొమ్మును కొనువాడు ముందుగా నిచ్చుటయే బయానా. అది దానము గాదు. వడ్డీకిచ్చిన యప్పును గాదు. రాబోవు సరకుపై ముందుగా జెల్లించిన వెల. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. ఏలయన, మేము చెప్పబోవు కథ యంతయు ఈ భేదము క్రమక్రమముగా జెఱిగిపోయిన కథయే.

క్రీ. శ. 1605లో హాలండు వర్తకులును, 1611లో ఇంగ్లీషు వర్తకులును మచిలీబందరున దిగిరి. మొదట వారు మన గుడ్డలను తమ దేశమునకు గొనిపోవుటకై వచ్చినవారు గారు. జావా, మొలక్కా దీవులలోని మిరియములు, లవంగములు, జాజికాయలు వారికి గావలసెను. ఆ దీవులవారికి ఐరోపా సరకులపై నంత మక్కువ లేదు, మన తీరపు గుడ్డలనిన ప్రీతి. కావున మసాలా దినుసుల బేరమునకు మన నేతగుడ్డయే నాణెమయ్యెను. పాలకొల్లునను, ఇంజరమునను, నరసాపురము చెంత మాధవాయపాలెమునను కుంఫిణీల కొట్లు వెలసెను. మాధవాయపాలెపు గుడ్డకు పరదేశీయులు మదపోలమని పేరిడి దేశదేశముల నమ్మిరి. ఆ పేరు ఫ్రెంచి నిఘంటువులలో నేటికిని నిలిచి యున్నది. ఆ పల్లె యెక్కడ నున్నదో యెఱిగినవారు మనలో నెందఱు?

చెన్నపట్టణపు పుట్టుకయు నిట్టిదే. 1639లో ఫ్రాన్సిసు డే యను దొర దామెర్ల నాయకులయొద్ద నా యిసుకతిన్నెను సంపాదించెను. అచ్చట నౌకలు నిలువదగిన రేవు లేదు. కెరటములలో చిన్న పడవలపై సరకును మోయవలసి యుండెను. అయినను ఆ చోటును గోరుటకు ముఖ్య కారణము, ఆ ప్రాంతమున గుడ్డ బందరుకన్న చౌకగా దొరకుటయే. తరువాత దాదాపు నూఱేండ్లకు, 1734లో, వడకువారిని, నేయువారిని, అద్దకమువారిని, చలువ చేయువారిని పిలిపించి చింతాద్రిపేటను గట్టించిరి. నేడు ఆ వీథులలో దిరుగువారికి అది మగ్గములకొఱకు బుట్టిన పేటయని తోచనే తోచదు.

ఆ కాలమున బయానా మర్యాద యెట్లుండెడిదో కుంఫిణీవారి కాగితములను శోధించిన చరిత్రకారులు వెల్లడించినారు. దానిని మన వారందఱును దెలిసికొనవలెను. నేతగాడు ఒక వర్తకునియొద్ద బయానా పుచ్చుకొనిన పిమ్మట మఱియొకడు మంచి వెల నిత్తునని వచ్చినచో, మొదటి వాని సొమ్మును వానికి మరల నిచ్చివేసి ఒడంబడికనుండి విడివడవచ్చును. అట్లు చేసినవానిని ఎవ్వరును దోషిగా నెంచెడివారు కారు. వర్తకునకు మాత్రము అట్టి స్వేచ్ఛ లేదు. గుడ్డధర పడిపోయినదని చెప్పి, ఇచ్చిన బయానాను తిరిగి యిమ్మని యడుగుటకు వానికి హక్కు లేకుండెను. నేతగాడు మరణించినను, ఊరు విడిచి పోయినను నష్టము వర్తకునిదే. చదువరులు ఆశ్చర్యపడవచ్చును. సొమ్ము గలవాడు కట్టుబడియు, సొమ్ము లేనివాడు విడివడియు నుండుట ఎట్లు సంభవించెను?

దీనికి మాకు రెండు కారణములు తోచుచున్నవి. మొదటిది, కొనువారు పెక్కుమంది యుండుట. హాలండువారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, డేనులు, ఆర్మీనియనులు, మన కోమట్లు, బలిజలు, లోపలి సంతలకు బోవు బేరగాండ్రు, అందఱును ఒకే వీథిలోని మగ్గములకై తిరుగుచుండిరి. రెండవది యింకను ముఖ్యము. నాటి పాలకులకు నేతవారు తమ గ్రామములలో నుండుట కావలెను. పన్నులలో తగ్గింపు లిచ్చియైన వారిని నిలుపుకొనెడివారు. వర్తకుడు ఫిర్యాదు చేసినాడని నేతగానిని బంధించి యిచ్చినచో, మఱునాటికి వీథి వీథియంతయు మగ్గములు విప్పుకొని పొరుగు సీమకు బోవును. కావున రాజు వర్తకుని పక్షమున గఱ్ఱ యెత్తలేదు. నేతవారి స్వేచ్ఛకు మూలము వారి ధనము గాదు, ధర్మశాస్త్రమును గాదు. కొనువాడు వేఱు, ఏలువాడు వేఱుగా నుండుటయే.

ఆ రెండును ఒక్కటైన నాడు కథ మాఱెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతోను, 1766లో నైజాముతో జేసికొనిన సంధితోను ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కుంఫిణీవారి వశమయ్యెను. గుంటూరు సీమ 1788లో వారికి జిక్కెను. అంతవఱకు కొనువాడుగా నున్న కుంఫిణీ ఏలువాడయ్యెను. మధ్యవర్తులైన దేశీయ వర్తకులను క్రమముగా దొలగించి, జీతపు గుమాస్తాలను బెట్టిరి. కుంఫిణీ బయానా పుచ్చుకొనినవాడు ఆ గుడ్డ ముగియువఱకు మఱి యెవ్వరికిని నేయరాదని కట్టడి చేసిరి. మగ్గములయొద్ద బంట్రోతులను నిలిపిరి. ఆ బంట్రోతు బత్తెమును నేతవాడే భరింపవలెను! గుడ్డను పుంజముల లెక్కచొప్పున మొదటి తరగతికి నేసి తెచ్చిన, గుమాస్తా దానిని రెండవ తరగతియని వ్రాసికొనుటయు గలదు. పుంజమనగా పడుగులోని పోగుల లెక్క యని యెఱుగనివారికి మనవి.

మన పెద్దలు ఊరకుండలేదు. మగ్గములు నిలిపిరి, ఊళ్లు విడిచి దేవాలయములలో గూడిరి, తాటియాకులపై వార్తలు వ్రాసి గ్రామగ్రామమునకు బంపిరి. 1798లో గోదావరి ప్రాంతమున జరిగిన నేతవారి తిరుగుబాటు ఇట్టిదే. వారి విన్నపములను జదివినప్పుడు మాకు దోచిన దేమనగా, వారు వెల తక్కువయని మాత్రమే మొఱపెట్టలేదు, తమ యిష్టము వచ్చినవారికి నేసికొనుటకు వీలులేకపోయెనని మొఱపెట్టిరి. బయానాను తిరిగి యిచ్చి తలయెత్తుకొని నడచు హక్కు ముందు పోయెను. కూలి తగ్గుట దాని వెనుక వచ్చెను.

తరువాతి భాగమును త్వరగా జెప్పెదము. అది అందఱెఱిగినదే. 1813లో కుంఫిణీవారి గుత్తవర్తకమును, 1833లో వారి వర్తకమే మొత్తమును ముగిసెను. ఇంగ్లండు మిల్లుగుడ్డ మన రేవులకే వచ్చిపడెను. నందన సంవత్సరపు కఱవు, అనగా 1832–33 నాటిది, గుంటూరు సీమను శ్మశానము గావించెను. మగ్గముపై వేసిన మొతర్ఫా పన్ను మాత్రము 1860 ప్రాంతమువఱకు వదలలేదు.

ఇచ్చట మిల్లునూలును గూర్చి కొంత నిలిచి చెప్పవలసి యున్నది. పెద్ద మార్పు అక్కడనే దాగి యున్నది. పూర్వము నూలు వడకువారు స్త్రీలు. మన కులపువారే కాదు, సకల కులముల స్త్రీలును, అందు మిక్కిలిగా దిక్కులేని వితంతువులును, రాట్నముపై వడికి సంతలో నమ్ముకొనుచుండిరి. నేతగాడు చేతనున్న కొద్ది సొమ్ముతో ఆ వారమునకు గావలసినంత నూలు కొనుచుండెను. మిల్లునూలు అట్లు రాలేదు. అది పది పౌనుల కట్టలుగాను, నలువది కట్టల బేలుగాను వచ్చెను. నలువదవ నంబరు నూలైనచో ఒక కట్టలో నాలుగు వందల చిలపలుండును. బేలును దింపుకొనుటకు మూలధనము గావలెను, రైలుస్టేషను చెంత కొట్టు గావలెను, పట్టణములోని పెద్ద వర్తకునియొద్ద పరపతి గావలెను. ఇట్లు నూలుకొట్టు పుట్టెను. రాట్నము మూలబడుటతో ఆ స్త్రీల చేతిలోని నాలుగు కాసులును పోయెను. నేతగానికి నూలు అరువుగా దొరకెను గాని, అరువిచ్చిన కొట్టునకే గుడ్డను వేయవలసి వచ్చెను. చూడుడు, కట్ట యెంత పెద్దదిగా నుండవలెనని ఏదో దూరపు మిల్లులో జేసిన నిర్ణయము మన వీథిలో ఎవడు ఎవనికి లోబడవలెనో తేల్చివేసినది!

నూలు వర్తకుడు దుర్మార్గుడని మేము వ్రాయబోము. మిల్లుగుడ్డ వచ్చి మగ్గమును జంపినదని సభలలో సులభముగా జెప్పుదుము. కాని 20వ శతాబ్దపు పూర్వార్ధమున చేనేతగుడ్డ మొత్తము తగ్గక పెరిగెనని లెక్కలు వేసినవారు చెప్పుచున్నారు. తాడు లాగిన నాడె తానై పరుగెత్తు మగ్గములు మన తీరమున వ్యాపించెను. నూలుకొట్టువాడు అరువియ్యనిచో ఆ మగ్గములు ఆడియుండవు. చీరాల ప్రాంతపు వర్తకులు నూనెలో నానవేసి రంగువేసిన తేలియా రుమాళ్లను అరబ్బు దేశములకును, గళ్ల లుంగీలను బర్మాకును, మద్రాసు రుమాళ్లను పశ్చిమ ఆఫ్రికాకును బంపిరి. నైగరు నదీముఖమున నివసించు కాలబరీ జాతివారు ఆ రుమాలును తమ పుట్టుక, మరణ సంస్కారములయందు ఇప్పటికిని గౌరవముతో ధరింతురు. సముద్రము చూడని మన నేతగాని పోగు ఏ తీరమున నెవని శుభాశుభములకు దోడ్పడెనో గదా! కాని ఈ బేరమునకు మఱియొక ముఖము గలదు. 1942లో రంగూను జపానువారి చేతికి జిక్కగానే లుంగీల యెగుమతి ఒక్క పెట్టున నిలిచెను. నష్టము కొట్టునకు వచ్చెను, కొట్టునుండి మగ్గమునకు దిగెను. పూర్వమర్యాదలో నష్టము వర్తకుని యొద్దనే యాగెడిది యని మఱువరాదు.

చీరాల పేరు వచ్చినది గనుక ఒక్క మాట. చీరాల–పేరాల గ్రామములను మునిసిపాలిటీగా మార్చినపుడు పన్ను అనేక రెట్లు పెరిగెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ఆ జనులు ఇండ్లు విడిచి, ఊరిబయట రామనగరమను పాకల పల్లె గట్టుకొని, ఎండలను వానలను సహించి మాసములకొలది నివసించిరి. దీనిని దేశభక్తి గాథగా మనము పిల్లలకు జెప్పుచున్నాము. యుక్తమే. కాని ఆ జనులలో నేతవారెందఱో యుండిరనియు, నేతవానికి ఇల్లే కర్మశాల యనియు, ఇంటిపన్ను వానికి మగ్గపు పన్నే యనియు చెప్పుట మఱచుచున్నాము. దేశము విడిచిపోవుదుమని పాలకుని బెదరించుట మన కులమునకు క్రొత్త గాదు. రామనగరపు పాకలు 1798 నాటి దేవాలయ మంటపములకు దాయాదులని మా నమ్మకము.

తెలంగాణమునుండి మనవారు పలువురు షోలాపురమునకును, పిమ్మట బొంబాయి, భీవండి, సూరతులకును వలసపోయిరి. షోలాపురమున వారిలో కొందఱు కూలివాడుగా జేరి, రెండు మగ్గములు పెట్టుకొని, ఇరువది మగ్గములకు యజమానులై, మరమగ్గముల కార్ఖానాలు గట్టిరి. దుప్పట్లకును తువాళ్లకును ఆ యూరికి గల పేరు చాలవఱకు తెలుగువారి చేతిచలువయే. అచ్చటి వీథులలో నేటికిని తెలుగు వినబడుచున్నది. ఇది గర్వింపదగిన చరిత్రమే. ఐనను ఆ ఇరువది మగ్గములపై గూర్చుండినవారు సాధారణముగా ఎవరు? ఊరినుండి వెనుక వచ్చిన బంధువులు. వారిని దెచ్చినది ముందుగా నిచ్చిన బయానాయే. అది తీఱువఱకు మఱియొక కార్ఖానాకు బోరాదు. కుంఫిణీవారి కట్టడి మన నోటనుండియే వెలువడుట విచారకరము.

ఆచార్య రంగాగారు 1930లోనే చేనేత యార్థికస్థితిపై గ్రంథము ప్రకటించి, అరువులోని బాధలను బయటబెట్టిరి. 1935లో మద్రాసున రాష్ట్ర చేనేత సహకార సంఘము వెలసెను. యుద్ధకాలమున 1943లో నూలుపై కంట్రోలు రాగా, సంఘములద్వారా నూలు దొరకును గనుక ఊరూర సంఘములు లేచెను. ప్రగడ కోటయ్యగారు తమ జీవితమును ఈ కార్యమునకే ధారవోసిరి. 1953లో మిల్లుగుడ్డపై గజమునకు మూడు పైల పన్ను వేసి ఖద్దరునకును చేనేతకును వినియోగించు శాసనము వచ్చెను. 1985లో 22 రకముల గుడ్డలను చేనేతకే ప్రత్యేకించిరి, 1996లో వానిని 11కు దగ్గించిరి. సహకార సంఘమనగా, మా దృష్టిలో, బయానా యిచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కడే యగుట. ఇంత గొప్ప యుపాయమును మనము ఏమి చేసికొంటిమి? కొన్ని యూళ్లలో చక్కగా నడపితిమి. పెక్కు యూళ్లలో అదే నూలుకొట్టు యజమానుడు తన బంధువుల పేర్లను సభ్యులుగా వ్రాయించి, సంఘపు నూలును తన కొట్టులో దింపుకొనెను. ఈ మాట వ్రాయుటకు మాకు సంతోషము లేదు.

1991లో నూలుధర లాకాశమునంటగా మన తీరజిల్లాలలో నేతయిండ్ల ఆకలిచావులు సంభవించిన సంగతి ఎవ్వరును మఱువలేదు. నూలుధర పెరిగినపుడు గుడ్డధర వెంటనే పెరుగదు. ఆ రెంటి నడుమనున్న నెలలలో ఇంటికి బియ్యము లేకపోయెను. సిరిసిల్లలో మరమగ్గములవారి దుఃఖమును ఇట్టిదే. 2017 నుండి కొన్ని యేండ్లు ప్రభుత్వమువారు బతుకమ్మ చీరలను అచ్చట నేయించిరి. పని దొరకెను. ఆ చీరల కోరిక నిలిచినపుడు మగ్గములును నిలిచెను. కొనువాడు ఒక్కడే యైనచో వాడు దయామయుడైనను ప్రమాదమే.

దేశమున చేనేత పనివారు 1995–96 లెక్కలలో 65 లక్షలకు మించి యుండిరి. 2009–10లో 43 లక్షలు, 2019–20లో 35 లక్షలు. ఈ చివరి లెక్కలో నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలే. సభలలో వేదికలపై గూర్చుండువారు మాత్రము ఇప్పటికిని పురుషులే. ఈ స్త్రీల శ్రమను గూర్చి ఆలోచించినవాడు మనలో నొకడు గలడు. తన తల్లి దినమంతయు ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూచి, చింతకింది మల్లేశముగారు చిన్న పనులు చేసి కూడబెట్టిన సొమ్ముతో యేండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసు యంత్రమును ముగించిరి. 2017లో ప్రభుత్వమువారు ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చిరి. చిన్న కర్మశాలలో చేసిన ఒక ప్రయత్నము ఎన్ని యిండ్ల స్త్రీలకు విశ్రాంతి నిచ్చెనో ఏ జనాభా లెక్కలోను కానరాదు.

ఇట్టి సంచికలు వెలువడుట నూలు వర్తకులును, చీరల దుకాణదారులును, మాస్టరు వీవర్లును ఇచ్చు ప్రకటనలచేతనే యని మేమెఱుగుదుము. వారిలో పలువురు మాకు ఆప్తులు. కొంద ఱీ వ్యాసమును చదివి నొచ్చుకొనవచ్చును. వారి నొక్కటే యడుగుచున్నాము. మీ పుస్తకములో బయానా పుచ్చుకొనిన నేతవాడు రేపు ఆ సొమ్మును తెచ్చి మీ ముందుంచి, నేను మఱియొకరికి నేసికొందునన్నచో, వడ్డీ యడుగక, మాట తూలక విడువగలరా? మూడు వందల యేండ్లక్రింద కోమటి గాని, బలిజ గాని, ఆర్మీనియను గాని విడిచెను. మనవాడు మనవానిని విడువకుండుటకు కారణ మేమి? ప్రతి నేతవానికి వాని బాకీ, వాని కూలి వ్రాసిన చీటిని వాని చేతికే ఇచ్చు దుకాణములు కొన్ని గలవు. అవి మూతబడలేదని మేము చూచుచునే యున్నాము.

పాత బయానా పుస్తకములు మన యిండ్ల అటకలపై చెదలకు లోబడుచున్నవి. తాతల నాటివైనను, తండ్రుల నాటివైనను, వానిని పాఱవేయక మహాసభ కార్యాలయమునకు బంపుదురేని, పేర్లు తొలగించి, నూలుధర, గుడ్డధర, కూలి, బాకీ యేయే యేట నెట్లుండెనో వరుసగా వ్రాసి వచ్చు సంచికలో బ్రకటింప మేము సిద్ధముగా నున్నాము. తడిసినవైనను, చిరిగినవైనను బంపవచ్చును.